నగరం, నేరం, చలనచిత్రం

1938లో అమెరికాలో విడుదలయిన 'ఏంజెల్స్ విత్ డర్టీ ఫేసెస్' అనే చలనచిత్రం ఇద్దరు బాలురతో మొదలవుతుంది. రాకీ, జెర్రీ ఇద్దరిదీ న్యూయార్కులో ఒకే పేదవాడ. ఇద్దరూ కలిసి ఆగివున్న రైలుపెట్టెలో దూరి ఫౌంటెన్ పెన్నులు దొంగిలించబోతారు. ఎవరో తరుముతారు. వేగంగా పరుగెత్తగలిగిన జెర్రీ తప్పించుకుంటాడు, రాకీ చిక్కిపోతాడు. చిక్కినవాడు బాలనేరస్థుల శిక్షణాలయానికి వెళ్లి, క్రమంగా పేరుమోసిన ముఠానాయకుడవుతాడు. తప్పించుకున్నవాడు మతగురువవుతాడు. ఇద్దరి స్వభావాలలోనూ పుట్టుకతోనే భేదమున్నదా? లేక ఆ భేదం తరువాత ఏర్పడినదా?

పుట్టుకతోనే ఉంటుందని 19వ శతాబ్దంలో పలువురు నమ్మారు. 1876లో ఇటలీ వైద్యుడు లోంబ్రోసో, కొందరు నేరస్థులుగానే పుడతారనీ, వారి పుర్రె, దవడ, చెవుల ఆకృతిని బట్టి వారిని గుర్తించవచ్చుననీ ప్రతిపాదించాడు. తరువాతి పరిశోధనలలో ఈ వాదం నిలువలేదు.

నేరానికి కారణాన్ని మనిషి ముఖంలో కాక, అతడు నివసించే చోట వెదకినవారిలో ముఖ్యులు షికాగో సామాజిక శాస్త్రజ్ఞులు. 1833లో కొన్ని వందల జనాభాతో ఉన్న షికాగో 1890 నాటికి 10 లక్షలను, 1930 నాటికి 33 లక్షలను దాటింది. ఇట్టి నగరం చెరువులో రాయి వేసినప్పుడు లేచే అలలవలె, వలయాలుగా విస్తరిస్తుందని 1925లో బర్జెస్ వివరించాడు. నడుమ వ్యాపారకేంద్రం, దానిని చుట్టి పాత ఇళ్లు, కర్మాగారాలు, కొత్తగా వలస వచ్చిన బీదలు ఉండే 'సంధి మండలం', దానికి వెలుపల కార్మికుల ఇళ్లు, ఆపైన సంపన్నుల నివాసాలు.

క్లిఫర్డ్ షా, హెన్రీ మెకే అనే పరిశోధకులు 1900 నుండి 1933 వరకు మూడు విడతల బాలనేరస్థుల కోర్టు రికార్డులను తీసుకొని, ఒక్కొక్క బాలుని ఇంటిని పటంపై గుర్తించారు. 1942లో ప్రకటించిన ఫలితం స్పష్టంగా ఉన్నది: సంధి మండలంలో బాలనేరాల రేటు హెచ్చు, వెలుపలికి పోయినకొద్దీ తగ్గుతుంది. అంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి. ఆ వాడలలో మొదట ఉన్న జర్మన్లు, ఐరిష్‌వారు తరలిపోగా ఇటాలియన్లు, పోలిష్‌వారు వచ్చారు. జనం మారినా ఆ వాడల రేటు హెచ్చుగానే నిలిచింది. అనగా నేరం జాతిని వెంబడించలేదు. చోటును అంటిపెట్టుకొని ఉన్నది. పేదరికం, తరచు ఇళ్లు మారడం, ఇరుగుపొరుగు ఎరుక లేకపోవడం వలన పిల్లలను అదుపులో పెట్టే కట్టుబాట్లు సడలిపోతాయని వారు వివరించారు.

అయితే చోటు మనిషిలో ఎట్లా ప్రవేశిస్తుంది? సాలెవాని కొడుకు మగ్గం దగ్గర కూర్చుని నేత నేర్చినట్లే, నేరాన్ని కూడా సన్నిహితుల సాంగత్యంలో నేర్చుకుంటారని 1939లో సదర్లాండ్ సిద్ధాంతీకరించాడు. విలియం వైలర్ తీసిన 'డెడ్ ఎండ్' (1937)లో ముఠానాయకుడు మార్టిన్ తాను పుట్టిన వీధికి తిరిగివచ్చి, అక్కడి పిల్లలకు కొట్లాట కిటుకులు నేర్పుతాడు. అదే వీధిలో పెరిగిన డేవ్ గృహశిల్పి అయినాడు. కనుక వీధి కారణమే గాని, తప్పించరాని విధి కాదు.

1938లో మెర్టన్ మరొక కోణం చూపాడు. సమాజం అందరినీ ధనవంతులు కమ్మంటుంది. న్యాయమైన దారులను మాత్రం కొందరికే తెరుస్తుంది. అప్పుడు కొందరు అడ్డదారి పడతారు. దీనికి ఆయన పేర్కొన్న ఉదాహరణలలో ఒకడు, 1920-33 మద్యనిషేధకాలంలో పేరుమోసిన అల్ కపోన్. 'స్కార్‌ఫేస్' (1932) చిత్రంలోని నాయకునికి మూలం కూడా అతడే. ప్రపంచమంతా నీదేనని ఊరించే ప్రకటన దీపాన్ని ఆ నాయకుడు కిటికీలోనుంచి చూసి మురిసిపోతాడు. చివరకు దాని క్రిందనే చస్తాడు. మెర్టన్ వ్యాసం కంటె ఆ చిత్రం ఆరేళ్లు ముందే వచ్చింది. చిత్రం సిద్ధాంతానికి నకలు కాదు. రెండూ ఒకే సమాజాన్ని చూసి పుట్టినవి.

ఇప్పుడు ఆ ఇద్దరు బాలురను మళ్లీ తలచుకుందాం. షా, మెకేల వంటి పటంలో రాకీ ఇంటికి గుర్తు పడుతుంది. జెర్రీ ఇంటికి పడదు. ఇద్దరూ చేసిన పని ఒకటే. పటం లెక్కించేది పట్టుబడినవారిని మాత్రమే. పట్టుబడిన పిల్లవానికి 'దొంగ' అని పేరు పెట్టి వేరుచేస్తే, ఆ పేరే వానిని దొంగను చేస్తుందని ఆ సంవత్సరమే, 1938లోనే, టాననబామ్ హెచ్చరించాడు.

రాకీకి మరణశిక్ష అమలయిన తరువాత, తనంత వేగంగా పరుగెత్తలేకపోయిన బాలుని కోసం ప్రార్థిద్దాం రమ్మని జెర్రీ వీధిపిల్లలను పిలుస్తాడు. పేదవాడలో ఒక పిల్లవాడు తప్పుచేసి చిక్కినప్పుడు వాని ముఖం చూసి, కులం చూసి తీర్పు చెప్పబోయేవారు ఆ ఇద్దరి పరుగును ఒక్కసారి గుర్తుచేసుకోవడం మంచిది.