సగానికి 75 వేల ఏళ్లు! తుమ్మలపల్లె లెక్క తెలుసా?

బనగానపల్లె దగ్గర జ్వాలాపురం అని ఒక ఊరుంది. అక్కడి జుర్రేరు లోయలో నేల తవ్వితే తెల్లటి బూడిద పొర బయటపడుతుంది. ఎక్కడో ఇండోనేషియాలో, సుమత్రా దీవిలోని తోబా అగ్నిపర్వతం సుమారు 74 వేల ఏళ్ల కిందట పేలినప్పుడు ఎగిరొచ్చి మన నేల మీద పడిన బూడిద అది. ఆ పొర కిందా పైనా కూడా మనుషులు చేసిన రాతి పనిముట్లు దొరికాయని మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ల బృందం 2007లో 'సైన్స్' పత్రికలో ప్రకటించింది.

అక్కడి నుంచి దక్షిణానికి నేరుగా గీత గీస్తే, వంద కిలోమీటర్లకు కాస్త పైన కడప జిల్లా వేముల మండలం వస్తుంది. అక్కడ తుమ్మలపల్లె యురేనియం గని, పక్కనే శుద్ధి కర్మాగారం, ఆ వ్యర్థాలు నింపే టెయిలింగ్ పాండ్ ఉన్నాయి.

బూడిదకూ ఆ చెరువుకూ ఏం సంబంధం అంటారా? రెండింటినీ కలిపేది ఒకే మాట: హాఫ్ లైఫ్. పుస్తకాల్లో అర్ధాయువు అంటారు.

బ్యాటరీలా కాదు

మీ ఫోన్ చార్జింగ్ 100 నుంచి 50కి మూడు గంటల్లో పడిపోయిందనుకోండి. అదే వాడకం కొనసాగితే ఇంకో మూడు గంటలకు సున్నా. రేడియోధార్మిక పదార్థం అలా తరగదు. ఒక హాఫ్ లైఫ్‌కి 100 కాస్తా 50 అవుతుంది, రెండోదానికి 25, మూడోదానికి 12.5. ప్రతిసారీ ఉన్నదాంట్లో సగమే పోతుంది. పది హాఫ్ లైఫ్‌లు గడిస్తే దాదాపు వెయ్యో వంతు మిగులుతుంది.

ఎందుకలా? స్కూల్ గ్రౌండ్‌లో వెయ్యి మందిని నిలబెట్టి తలా ఒక రూపాయి బిళ్ల ఎగరెయ్యమనండి. బొమ్మ పడినవాళ్లు కూర్చోవాలి. మొదటి రౌండ్‌కి సుమారు 500 మంది మిగులుతారు, రెండో రౌండ్‌కి 250 మంది. ఎవరు ఎప్పుడు కూర్చుంటారో ముందే చెప్పలేం. ఎంతమంది మిగులుతారో మాత్రం చెప్పేయొచ్చు. పరమాణు కేంద్రకాలదీ ఇదే పద్ధతి. ఇన్నాళ్లు ఆగింది కదా, ఇక దీని వంతు అనేది ఉండదు. కోడ్ రాసేవాళ్లకైతే, ప్రతి క్షణం కొత్తగా రన్ అయ్యే ర్యాండమ్ ఫంక్షన్ లాంటిది. ఎండా వానా, వేడీ చలీ ఈ లెక్కను మార్చలేవు.

బూడిదలో గడియారం

మార్చలేం కాబట్టే దాన్ని గడియారంగా వాడుకోవచ్చు. అగ్నిపర్వతం నుంచి వచ్చిన స్ఫటికాల్లో పొటాషియం-40 కాస్త ఉంటుంది. దాని హాఫ్ లైఫ్ సుమారు 125 కోట్ల ఏళ్లు. అందులో కొంత భాగం ఆర్గాన్ వాయువుగా మారుతుంది. కరిగి ఉన్నప్పుడు ఆర్గాన్ బయటకు పోతుంది. చల్లబడి గట్టిపడ్డాక లోపలే చిక్కుకుంటుంది. ఎంత ఆర్గాన్ చేరిందో కొలిస్తే ఎన్నేళ్లయిందో తేలుతుంది. తోబా పేలుడుకు 74 వేల ఏళ్ల లెక్క కట్టింది ఇలాంటి పద్ధతితోనే.

చెరువులో మిగిలేది

ఇప్పుడు తుమ్మలపల్లెకు వద్దాం. అక్కడి రాయిలో యురేనియం చాలా తక్కువ. టన్ను రాయిని పిండి చేస్తే అర కిలో కూడా దొరకదు. మిగతాదంతా బురదగా మారి చెరువులోకి పోతుంది.

"యురేనియం తీసేశారుగా, ఇంకేం భయం?" అని అడగొచ్చు. యురేనియం-238 హాఫ్ లైఫ్ సుమారు 447 కోట్ల ఏళ్లు, దాదాపు భూమి వయసంత. వినడానికి భయమేస్తుంది కానీ, అంత నిదానంగా తరుగుతుందంటే క్షణానికి విడుదలయ్యే రేడియేషన్ తక్కువని అర్థం. గ్రాము యురేనియం-238లో సెకనుకు 12 వేల పైచిలుకు కేంద్రకాలు మారతాయి. అదే గ్రాము రేడియం-226లో అయితే సుమారు 3,700 కోట్లు!

ఈ రేడియం యురేనియం సంతానమే. యురేనియం మారుతూ మారుతూ థోరియం-230 అవుతుంది, అది రేడియం-226 అవుతుంది, రేడియం రేడాన్ అనే వాయువు అవుతుంది. యురేనియాన్ని తీసేసినా ఈ సంతానంలో ఎక్కువ భాగం బురదలోనే ఉండిపోతుంది. అందుకే ముడి రాయిలోని రేడియోధార్మికతలో సుమారు 85 శాతం వ్యర్థాల్లోనే మిగులుతుందని సాధారణంగా లెక్కేస్తారు.

రేడాన్ హాఫ్ లైఫ్ 3.8 రోజులు. నెలా పది రోజుల్లో మాయమైపోవాలి. కానీ రేడియం దాన్ని మళ్లీ మళ్లీ పుట్టిస్తూ ఉంటుంది. రేడియం హాఫ్ లైఫ్ 1,600 ఏళ్లు. మన కొండారెడ్డి బురుజుకు అందులో సగం వయసు కూడా లేదు. పోనీ 1,600 ఏళ్లు ఓపిక పడదామన్నా కుదరదు. కింద కుళాయి తిప్పినా పైనుంచి మోటార్ నీళ్లు పోస్తూంటే ట్యాంకు ఖాళీ కాదు కదా! థోరియం-230 ఆ మోటార్ లాంటిది. దాని హాఫ్ లైఫ్ సుమారు 75 వేల ఏళ్లు.

ఈ అంకె ఎక్కడో విన్నట్టుందా? జ్వాలాపురం బూడిద వయసు దాదాపు అంతే. తోబా పేలిన రోజు మన రాతియుగపు పూర్వీకులు ఇలాంటి చెరువొకటి నింపి ఉంటే, అందులోని థోరియంలో సగం ఇంకా ఉండేది.

ఎన్నేళ్లు కాపలా?

ఇలాంటి వ్యర్థాలకు అమెరికా నిబంధనలు సాధ్యమైతే వెయ్యేళ్లు, కనీసం 200 ఏళ్లు నిలిచే రక్షణ కట్టాలంటాయి. వెయ్యేళ్ల తర్వాత కూడా థోరియం 99 శాతం అలాగే ఉంటుంది. అంటే ఏ షీటూ, ఏ కట్టా ఒకసారి వేసి మర్చిపోయేది కాదు.

చెరువు పక్కన కొట్టాల తదితర ఊళ్ల రైతులు బోరు నీళ్లు పాడయ్యాయని, పంటలు దెబ్బతిన్నాయని ఏళ్లుగా చెబుతున్నారు. చెరువు అడుగున వెయ్యాల్సిన లైనింగ్‌పై రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 2019లో యూసీఐఎల్‌కు నోటీసు ఇచ్చింది. నీళ్లు చెడడానికి తాము కారణం కాదన్నది ఆ సంస్థ వాదన. యురేనియం ఉన్న రాళ్ల ప్రాంతంలో సహజంగానే అది నీళ్లలోకి దిగొచ్చన్న మాటా నిజమే. ఎవరిది ఒప్పో హాఫ్ లైఫ్ చెప్పదు. అది నీటి పరీక్షలే తేల్చాలి. ఆ పరీక్షలు ఎన్నాళ్లు ఆపకూడదో మాత్రం హాఫ్ లైఫ్ చెబుతుంది.

అక్కడివాళ్లు గుర్తుంచుకోవాల్సినవి రెండు. యురేనియం నీళ్లలో కలిస్తే రంగు, రుచి చూసి పట్టలేం. కాచినా పోదు, పైగా ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. తాగే నీటిలో దాని ముప్పు ముందుగా కిడ్నీలకే. అందుకే లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మరొకటి, ఒకసారి తెచ్చిన రిపోర్టు సరిపోదు. అదే బోరు, అదే పరీక్ష, ఏటేటా అంకె. పెరుగుతోందా, తగ్గుతోందా అన్నదే అసలు సమాచారం. ఆ అంకెలు తెలుగులో, ఊరి పంచాయతీ గోడ మీద కనిపించాలి.

గని ఏదో ఒక రోజు మూతపడుతుంది. ఆఫీసర్లు బదిలీ అవుతారు, ప్రభుత్వాలు మారతాయి. చెరువు మాత్రం ఉంటుంది. అందుకే "ఇప్పుడు లీక్ అవుతోందా?" అని అడిగి ఊరుకుంటే చాలదు. "మీరు వెళ్లిపోయాక ఎవరు కొలుస్తారు?" అని కూడా అడగాలి.