అమ్మేశాకే తెలిసింది... దాని విలువ!

కొన్ని వస్తువులు ఇంట్లో ఉన్నంతకాలం తలనొప్పి. గడప దాటి వెళ్లిపోయాక మాత్రం గుండెబరువు. పాత స్కూటరు కావచ్చు, గోడ గడియారం కావచ్చు, తాతగారి రేడియో కావచ్చు. వాటన్నిటినీ మించిన తంటాలమారి మరొకటుంది. అదే లైసెన్సున్న పాత డబుల్ బ్యారెల్ తుపాకీ. పాత స్కూటరు మళ్లీ కావాలంటే వెతికి కొనుక్కోవచ్చు. తుపాకీ విషయంలో అదంత తేలిక కాదు.

అడవి అంచు పల్లెల్లో ఒకప్పుడు మోతుబరి రైతుల ఇళ్లలో, చావడి గోడకు మేకుల మీద అడ్డంగా వేలాడేది ఈ తుపాకీ. చేలో పడే అడవిపందుల్ని బెదిరించడానికి, దొంగల భయానికి, కాస్త దర్పానికి కూడా! 'పన్నెండు బోరు' అని ముద్దుగా పిలుచుకునేవారు. ఒక పౌను సీసంతో పన్నెండు సమానమైన గుండ్లు పోస్తే, ఒక్కో గుండు ఎంత లావుంటుందో గొట్టం వ్యాసం అంత... అంటే సుమారు 18.5 మిల్లీమీటర్లు. ఆ పేరు అలా వచ్చింది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో తయారైన వెబ్లీ అండ్ స్కాట్, గ్రీనర్ తుపాకులైతే ఆ ఇంటి గొప్పే వేరు.

పేచీల పుట్ట

గొప్ప సంగతి సరే, దానితో పడే పాట్లు ఎవరికి తెలుసు? వానాకాలం వస్తే గొట్టాలకు తుప్పు. వారానికోసారి నూనె గుడ్డతో తుడవాల్సిందే. పాతకాలపు అట్ట తూటాలు తేమకు ఉబ్బి గొట్టంలో ఇరుక్కునేవి. ఒక గొట్టం పేలితే రెండోది మొరాయించేది. ఇనుము, ఉక్కు పేటల్ని మెలిపెట్టి చేసిన పాత డమాస్కస్ గొట్టాలైతే మరీ ప్రమాదం. నల్లమందు కోసం తయారైన వాటిలో ఇప్పటి తూటా పెడితే గొట్టమే పగిలిపోవచ్చు.

ఇవి చాలవన్నట్టు కాగితాల గొడవ. గడువు ముగిసేలోగా లైసెన్సు రెన్యువల్ చేయించాలి. ఎన్నికలు ప్రకటిస్తే చాలు, తుపాకీని పోలీస్ స్టేషన్‌లో అప్పగించమని కబురొస్తుంది. ఫలితాలు వచ్చాక మళ్లీ వెళ్లి తెచ్చుకోవాలి. పంచాయతీ, అసెంబ్లీ, పార్లమెంటు... ఏ ఎన్నికలైనా అంతే.

పోనీ వాడుకుందామా అంటే, 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. షికారు రోజులు పోయాయి. అనుమతి లేకుండా చేలో పడిన పందిని కాల్చినా కేసే. పని పోయింది, పేచీ మిగిలింది. 'ఎందుకొచ్చిన బాధ, అమ్మేద్దాం' అన్నమాట చాలా ఇళ్లలో అలాగే పుట్టింది.

మా పెదనాన్న కూడా ఆ మాటే అన్నారు. ఎడమ గొట్టం ఎప్పుడూ సరిగ్గా పేలని తుపాకీ అది. స్టేషన్ చుట్టూ తిరగలేక డీలరుకు ఇచ్చేశారు. వారం తిరక్కుండానే ఆదివారం పొద్దున్న నూనె గుడ్డ పట్టుకుని చావట్లోకి వచ్చి, ఖాళీ మేకుల్ని చూసి నిలబడిపోయారట. 'చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు కదండీ, ఉన్నప్పుడు తిట్టని రోజు లేదు' అని పెద్దమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. ఆ మేకుల్ని మాత్రం ఎవ్వర్నీ పీకనివ్వలేదాయన.

కార్బెట్‌కూ తప్పలేదు

పేచీకోరు తుపాకీ మీద ప్రేమ సామాన్యులకే కాదు. నరభక్షక పులుల్ని వేటాడిన జిమ్ కార్బెట్‌కు చిన్నతనంలో దక్కిన తుపాకీ ఎలాంటిదో తెలుసా? కుడి గొట్టం చీలిపోయింది! గొట్టాల్నీ పిడినీ ఇత్తడి తీగతో చుట్టి నిలబెట్టారు. మిగిలిన ఎడమ గొట్టంతోనే ఆ పిల్లవాడు అడవిలో పాఠాలు నేర్చుకున్నాడు. 1953లో వెలువడిన 'జంగిల్ లోర్'లో దాని గురించి ఎంతో మురిపెంగా రాసుకున్నాడు.

చంపావత్ పులిని చంపినందుకు 1907లో ఆయనకు బహుమతిగా వచ్చిన రిగ్బీ రైఫిల్‌ది మరో కథ. 1947లో కార్బెట్ భారతదేశం వదిలి కెన్యా వెళ్లిపోయాడు. ఆ రైఫిల్ చివరికి ఆయన పుస్తకాలు ప్రచురించిన ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ చేతికి చేరింది. దాన్ని తయారుచేసిన రిగ్బీ సంస్థే 2015లో మళ్లీ కొనుక్కుంది. మరుసటి ఏడాది కార్బెట్ ఊరు ఛోటీ హల్ద్వానీకి తీసుకొచ్చి చూపించింది కూడా. అంత అదృష్టం అన్ని తుపాకులకూ ఉండదు మరి!

మళ్లీ ఎందుకు దొరకదు?

అమ్మిన తుపాకీ వెనక్కి రావడం దాదాపు అసాధ్యం. ఆయుధాన్ని లైసెన్సున్నవారికి లేదా అధీకృత డీలరుకే అమ్మాలి. మరో వ్యక్తికి అమ్మదలిస్తే 45 రోజుల ముందే అధికారులకు రాతపూర్వకంగా తెలపాలి. చేతిలో తుపాకీ లేకుండా కొత్తగా లైసెన్సు అడిగితే, ఎందుకు కావాలో చెప్పి ఒప్పించాలి. 'నాన్నగారి జ్ఞాపకం' అనే కారణం అప్పుడు నిలబడదు. పైగా 1980ల మధ్య నుంచి విదేశీ తుపాకుల దిగుమతిపై ఆంక్షలున్నాయి. అందుకే పాత ఇంగ్లిషు తుపాకీ ఒకసారి చేజారితే అలాంటిది దొరకడం కష్టం.

2019 డిసెంబరులో వచ్చిన సవరణతో ఒక్కొక్కరి దగ్గర ఉండదగ్గ తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. మూడోది ఉన్నవాళ్లు ఏడాదిలోగా వదులుకోవాల్సి వచ్చింది. అదే సవరణ లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచడం కాస్త ఊరట.

అమ్మేముందు ఒక్కమాట

తండ్రి పోయాక ఇంట్లో మిగిలిన తుపాకీని దాచుకోవడం నేరం. వెంటనే పోలీస్ స్టేషన్‌లోగానీ డీలరు దగ్గరగానీ జమ చేయాలి. ఆపైన వారసులు తమ పేరిట లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. 2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారం, లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ 25 ఏళ్లుగా ఆయన దగ్గరున్నా బతికుండగానే వారసుడి పేరిట మార్పు కోరవచ్చు. ఈ సంగతి తెలియక హడావిడిగా అమ్ముకున్నవాళ్లూ ఉంటారు.

అలాగని బెంగపెట్టుకునే ప్రతివాళ్లూ తప్పు చేసినట్టు కాదు. చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో, చూసుకునే ఓపిక లేని చోట తుపాకీ ఉండకపోవడమే క్షేమం. ఇంటికి మంచి జరిగిందని బుద్ధికి తెలుస్తుంది. మనసుకే కాస్త ఆలస్యంగా తెలుస్తుంది.