రికార్డును చెరచు తొడుగు

ధూళి సోకకుండ మెత్తని పారదర్శకపు ప్లాస్టిక్ తొడుగులలో ఉంచిన ఎల్.పి. రికార్డులపై కొన్నేండ్లకు మసకతెర యేల కమ్మునని సత్తుపల్లినుండి యొక పాఠకుడు ప్రశ్నించినాడు. సింగరేణివారి ఉపరితల బొగ్గుగని చెంతనేయున్న యూరిలో ధూళిభయము సహజమే. కాని యీ తెరకు మూలము ఆ తొడుగునందే యున్నది.

మోదుగ, రేగు చెట్లపై బ్రదుకు లక్కపురుగుల స్రావమును రాతిపొడితో కలిపి చేసిన 78 వేగపు రికార్డులకు, నడుమ రంధ్రముగల కాగితపు సంచియే కవచము. అట్టపై చిత్రకళను కొలంబియా సంస్థలో అలెక్స్ స్టైన్‌వైస్ 1940 ప్రాంతమున ప్రవేశపెట్టెను. 1948లో ఆ సంస్థయే ఎల్.పి.ని వెలువరించుటతో లక్క స్థానమును పాలీవినైల్ క్లోరైడ్, అనగా పి.వి.సి., ఆక్రమింపసాగెను.

పి.వి.సి. అణువులు సుదీర్ఘములైన గొలుసులు. వానియందలి క్లోరిన్ పరమాణువులు ఎలక్ట్రాన్లను తమవైపు లాగికొనుటచే గొలుసులు పరస్పరము ఆకర్షించుకొని బిగిసియుండును. రికార్డులోని గాడి చెదరకుండుటకు ఆ కాఠిన్యమే యాధారము. అదే పి.వి.సి.తో చేసిన తొడుగు మాత్రము మెత్తగా వంగవలెను గనుక, థాలేటులనెడి నూనెవంటి ద్రవ్యములను, ఒక్కొక్కయెడ బరువులో మూడవవంతుదాక, ఆ గొలుసుల నడుమ చొప్పింతురు. అవి అచట చేరియుండునే కాని రసాయనబంధముచే కట్టుబడి యుండవు. కావున సందు దొరకినంతనే సంచరించును, ఉష్ణము పెరిగినకొలది త్వరపడును. నలుబది డిగ్రీలు దాటు ఖమ్మం సీమ వేసవి వానికెంతయో అనుకూలము!

రికార్డును తొడుగును ఏకజాతి పదార్థములే గనుక హాని లేదని తలచినవారు పొరబడినది ఇచ్చటనే. పి.వి.సి.లో చక్కగా కలిసిపోవుననియే గదా ఆ ద్రవ్యమును ఎన్నుకొనిరి! అది సమృద్ధిగానున్న తొడుగునుండి, దాదాపు శూన్యమైన రికార్డులోనికి ప్రవహించుట ప్రకృతిసిద్ధము. పైపొరలో ఇంకిపోయినది గనుకనే, ఎంత కడిగినను మసకయు, సూది క్రింద వినవచ్చు బుసయు పూర్తిగా తొలగవు. మరి పాలీథిలీన్ అను వేరొక ప్లాస్టిక్ సంగతి అట్లు కాదు: కేవలము కార్బన్, హైడ్రోజన్ పరమాణువులతోనైన దాని గొలుసులకు పరస్పరాకర్షణ స్వల్పము. ఏ నూనెయు చేర్చకయే పలుచని పొరగా వంగును గనుక, దానినుండి వెడలిపోవుట కేమియు లేదు.

అట్టచిత్రములపై చూపిన శ్రద్ధలో సగమైనను లోపలి తొడుగుపై చూపని సంస్థలను తలచినప్పుడు మనస్సు నొచ్చుకొనును. ఘంటసాల భగవద్గీత వంటి ఎల్.పి. ఇంటనున్నవారు ఆ మెత్తని పి.వి.సి. సంచిని నేడే తొలగించి, పాలీథిలీన్ సంచిలోనికి మార్చి, చల్లని తావున నిలువుగా నిలుపవలెను. చిత్రించిన పై అట్టను మాత్రము పారవేయరాదు.