ప్రతినాయకుడికి వరమిచ్చింది ఎవరు?

మన పురాణ కథల్లో రాక్షసుడికి బలం ఊరికే రాదు. తపస్సు చేస్తాడు, దేవుడు ప్రత్యక్షమవుతాడు, వరమిస్తాడు. భస్మాసురుడి కథలోనైతే వరమిచ్చిన శివుడే ఆ వరానికి భయపడి పరుగెత్తవలసి వస్తుంది. ఆ కథ ఎవరి పక్షాన నిలబడి చెప్పినదైనా, బలం ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం దాచదు. ఇచ్చినవాడు రంగస్థలం మీదనే ఉంటాడు. 1960ల అమెరికన్ కామిక్ కథల్లో కూడా ప్రతినాయకుడికి వరం దొరుకుతుంది. ఆ వరం పేరు రేడియేషన్. అయితే ఇక్కడ వరమిచ్చిన చేయి బొమ్మలో కనపడదు. ఈ వ్యాసంలో నేను చర్చించదలచుకున్నది ఆ కనపడని చేయి గురించే.

కామిక్స్ పిల్లల కాలక్షేపం, వాటి మీద విమర్శ ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. లక్షల మంది పిల్లలు చదివే సాహిత్యం ఏ ఊహలను నాటుతుందో చూడకుండా, కొన్ని వందల మంది చదివే కవితా సంపుటాల మీదనే మన శక్తినంతా వెచ్చించడం సరైన విమర్శ కాదని నా అభిప్రాయం. పైగా ప్రతినాయకుడి పాత్ర చిత్రణ ప్రతి కథా రచయితకూ ఎదురయ్యే సమస్య. ఒక సమాజం ఎవరిని చూసి భయపడమని చెబుతుందో ఆ పాత్రలోనే స్పష్టంగా తెలుస్తుంది.

నేను తీసుకుంటున్న ముఖ్య ఉదాహరణ 'రేడియో యాక్టివ్ మాన్'. మార్వెల్ సంస్థ ప్రచురించిన 'జర్నీ ఇంటు మిస్టరీ' 93వ సంచికలో, 1963 జూన్ తేదీతో, ఈ పాత్ర మొదటిసారి వచ్చింది. కథ అల్లినవాడు స్టాన్ లీ, బొమ్మలు గీసినవాడు జాక్ కిర్బీ. ప్రతినాయకుడి పేరు చెన్ లూ, చైనా అణు శాస్త్రవేత్త. కథ పుట్టిన సందర్భం మనకు దగ్గరిది. 1962 అక్టోబరు 20న భారత చైనా యుద్ధం మొదలైంది, నవంబరు 21న చైనా కాల్పుల విరమణ ప్రకటించింది. కొద్ది నెలలకే ఈ కామిక్ బజారులోకి వచ్చింది. అందులో నాయకుడైన థోర్ భారత సరిహద్దుల్లో చైనా సైన్యాన్ని అడ్డుకుంటాడు. ఆ థోర్‌ను ఓడించడానికి చెన్ లూ కావాలనే తన శరీరాన్ని రేడియేషన్‌కు గురి చేసుకుంటాడు. ఒళ్లంతా ఆకుపచ్చగా మారి, నడిచే అణుబాంబై అమెరికా మీదికి బయలుదేరతాడు. చివరికి థోర్ సృష్టించిన సుడిగాలి అతన్ని తిరిగి చైనాకు విసిరికొడుతుంది. అక్కడ అతను పేలిపోయినట్టు చూపిస్తారు. వ్యాపారానికి పనికొచ్చే పాత్ర కనుక 1964లోనే 'అవెంజర్స్' 6వ సంచికలో దుష్టుల ముఠా సభ్యుడుగా మళ్లీ బతికి వచ్చాడు.

ఈ కథను చదివినప్పుడు నన్ను మొదట ఆపింది తేదీ. చైనా తన మొదటి అణు పరీక్ష జరిపింది 1964 అక్టోబరు 16న. అంటే కథ అచ్చయ్యే నాటికి చైనా చేతిలో అణుబాంబే లేదు. అప్పటికి మనుషులున్న నగరాల మీద అణుబాంబులు వేసిన దేశం ప్రపంచంలో ఒక్కటే. 1945 ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి. ఆ తరువాత పసిఫిక్ దీవుల్లోనూ నెవాడా ఎడారిలోనూ వందల పరీక్షలు జరిపిందీ ఆ దేశమే. అయినా బాంబు మనిషి రూపం ధరించి నడిచి వచ్చినప్పుడు అతను చైనీయుడు. బాంబు పడబోయే నగరం న్యూయార్కు. చరిత్రలో జరిగిన క్రియకు కర్తను కర్మగా, కర్మను కర్తగా మార్చిన వాక్యం ఇది. మన దేశం సంగతి చెప్పనే అక్కరలేదు. దానిది వేదిక పాత్ర. యుద్ధం మనది, వీరుడు వాళ్లవాడు.

చైనా అణ్వాయుధాలను సమర్థించడం నా ఉద్దేశం కాదు. లోప్ నూర్ పరీక్షల ధూళి కూడా అక్కడి ప్రజల మీదే పడింది. నేనడుగుతున్నది సాహిత్యానికి సంబంధించిన ప్రశ్న. ఒక సమాజం తాను చేసిన పనిని తలచుకుని భయపడుతున్నప్పుడు, ఆ భయానికి ఇతరుల ముఖం తగిలించే పని కథ ఎలా చేస్తుంది?

దానికి మూడు పద్ధతులు కనిపిస్తాయి. మొదటిది, నాయకుడికి ప్రమాదం, ప్రతినాయకుడికి సంకల్పం. స్పైడర్‌మాన్‌ను రేడియేషన్ సోకిన సాలెపురుగు అనుకోకుండా కుడుతుంది. అతను అమాయకుడు. చెన్ లూ తెలిసి చేసుకున్నాడు. అతను దుర్మార్గుడు. ఒకే శక్తి ఒకరికి విధి, మరొకరికి నేరం.

రెండవది, నేరాన్ని మరొకరి ఖాతాలో రాయడం. 1962 మే నెల తేదీతో వచ్చిన హల్క్ మొదటి సంచిక దీనికి మంచి ఉదాహరణ. గామా బాంబును తయారు చేసినవాడు అమెరికన్ శాస్త్రవేత్త బ్రూస్ బానర్, చేయించినది అక్కడి సైన్యం. పరీక్షా స్థలంలోకి ఒక కుర్రవాడు పొరపాటున వస్తే బానర్ రక్షించడానికి పరుగెత్తుతాడు. లెక్కింపును ఆపవలసిన సహాయకుడు ఆపడు. ఎందుకంటే వాడు సోవియట్ గూఢచారి. బాంబు చేసినవాడు త్యాగమూర్తి, మీట ఆపనివాడు హంతకుడు అయిపోయారు. బాంబు ఎందుకు చేశారన్న ప్రశ్న గూఢచారి నీడలో మాయమైంది.

మూడవది, నా దృష్టిలో అన్నిటికన్న ముఖ్యమైనది. బాధితుణ్ణే ప్రమాదంగా చూపడం. 1964 చివర హల్క్‌కు శత్రువుగా 'లీడర్' అనే ప్రతినాయకుడు వచ్చాడు. ఇతను మామూలు కూలీ. రసాయన పరిశోధనశాలలో రేడియేషన్ వెదజల్లే సామాన్లు మోస్తుండగా పేలుడు జరుగుతుంది. వాస్తవ జీవితంలో అయితే అతనికి రోగం వచ్చేది, కుటుంబం వీధిన పడేది, నష్టపరిహారం కోసం యేళ్ల తరబడి తిరిగేది. కామిక్‌లో అతని తల పెరిగి, మహా మేధావియై, ప్రపంచాన్ని ఏలాలనుకుంటాడు. ఆ పరిశోధనశాల యాజమాన్యం ఎవరు, రక్షణ లేకుండా ఆ సామాన్లు మోయించినదెవరు అన్న ప్రశ్న కథలో లేదు. చదువులేని శ్రామికుడికి తెలివి రావడమే ఇక్కడ ప్రమాదం.

నిజమైన రేడియేషన్ మనుషులు ఎవరో ఒకసారి చూద్దాం. 1920లలో అమెరికాలోని న్యూజెర్సీలో చీకట్లో మెరిసే గడియారాలకు అంకెలు దిద్దే యువతులు ఉండేవారు. రేడియం కలిపిన రంగులో ముంచే కుంచె మొన నిలవడానికి పెదవులతో సన్నం చేయమని పనిలో నేర్పారు. వాళ్ల దవడ ఎముకలు కుళ్లిపోయాయి. అయిదుగురు వేసిన దావా 1928లో రాజీతో ముగిసింది. రేడియం అర్ధాయువు సుమారు 1600 సంవత్సరాలు కనుక సమాధుల్లో వాళ్ల ఎముకలు ఇంకా రేడియేషన్‌ను వెదజల్లుతూనే ఉన్నాయి. కామిక్ ప్రతినాయకుడి ఒంటి మీది ఆకుపచ్చ రంగుకు మూలం కూడా ఇక్కడే ఉందని నా ఊహ. రేడియేషన్‌కు తనదైన ఆకుపచ్చ వెలుగు లేదు. ఆ రంగులో రేడియంతో పాటు కలిపిన జింక్ సల్ఫైడ్ అలా మెరిసేది. శ్రామిక స్త్రీల వేళ్లకు అంటిన మెరుపు, దుష్టుడి చర్మపు రంగైంది.

శాస్త్రవేత్తలకైనా వరం దొరకలేదు. 1946 మేలో లాస్ అలమోస్ ప్రయోగశాలలో లూయీ స్లాటిన్ చేయి జారి ప్లుటోనియం గోళం ఒక్క క్షణం అదుపు తప్పింది. తొమ్మిది రోజులకు అతను మరణించాడు. 1954 మార్చి 1న బికినీ దీవి దగ్గర జరిపిన హైడ్రోజన్ బాంబు పరీక్ష బూడిద జపాను చేపల పడవ ఒకదాని మీద పడింది. అందులోని 23 మంది జబ్బు పడ్డారు. రేడియో ఆపరేటరు కుబొయామా సెప్టెంబరులో కన్నుమూశాడు.

ఆ కామిక్స్ కొన్న పిల్లల సంగతి మరీ విషాదం. ఆకాశంలో జరిపిన పరీక్షల ధూళిలోని స్ట్రాన్షియం 90 గడ్డి మీద పడి, ఆవుపాలలో చేరి, పసిపిల్లల పళ్లలోకి ఎక్కింది. 1950ల చివర సెయింట్ లూయీ నగరంలో శాస్త్రవేత్తలూ పౌరులూ కలిసి పిల్లల ఊడిన పాలపళ్లను సేకరించడం మొదలుపెట్టారు. మూడు లక్షలకు పైగా పళ్లు చేరాయి. ఆ అధ్యయనపు మొదటి ఫలితాలు 1961లో వెలువడ్డాయి. 1963 ఆగస్టులో ఆకాశంలో పరీక్షలను నిషేధించే ఒప్పందం జరగడానికి తోడ్పడిన ప్రజాభిప్రాయంలో ఈ పళ్లకూ పాత్ర ఉంది. పన్నెండు సెంట్లు పెట్టి ఆకుపచ్చ చైనీయుణ్ణి చూసి భయపడిన పిల్లవాడి నోట్లోనే తన ప్రభుత్వపు బాంబు ఉంది. కథ ఆ సంగతి అతనికి చెప్పలేదు.

బయటి నుంచి ఎక్స్ కిరణాలో గామా కిరణాలో తగిలిన మనిషి తాను రేడియేషన్ వెదజల్లడు. అతన్ని తాకితే ఎవరికీ ఏమీ కాదు. కాని అతను అంటురోగం లాంటివాడన్న భయం లోకంలో బలంగా పాతుకుంది. హిరోషిమా, నాగసాకి బాధితులకు జపానులోనే పెళ్లిళ్లు కాలేదు, ఉద్యోగాలు దొరకలేదు. చాలా మంది తమ గతాన్ని దాచుకుని బతికారు. ఆ వివక్షకు ఈ కామిక్స్ కారణమని నేననను. రెండింటి తర్కం మాత్రం ఒకటే. దెబ్బ తిన్నవాణ్ణి చూసి భయపడు, కొట్టినవాణ్ణి అడగకు.

అయితే కళారూపం ఎంత వ్యాపారమైనదైనా అప్పుడప్పుడు నిజం జారిపోతుంది. హల్క్ మొదటి సంచికలోనే గార్గాయిల్ అనే సోవియట్ ప్రతినాయకుడున్నాడు. రహస్య అణు ప్రయోగాల్లో పని చేసి వికృతంగా మారినవాడు. తన రూపాన్ని తలచుకుని ఏడుస్తాడు. తనను ఇలా చేసినది తన పాలకులేనని గుర్తించి వాళ్ల మీదే తిరగబడతాడు. ఒక్క ప్రతినాయకుడు వరమిచ్చిన చేతిని చూడగలిగాడు. అతను శత్రు దేశంవాడు కనుకనే కథ అందుకు అనుమతించింది. అదే మాట నెవాడా గాలి వాటున బతికిన ఒక అమెరికన్ రైతు నోట పెట్టడానికి ఆ పేజీలలో చోటు లేకపోయింది. ఆ ప్రజలకూ యురేనియం గని కార్మికులకూ పరిహారమిచ్చే చట్టం 1990లో గాని రాలేదు. ఇక చెన్ లూ 2000ల దశకంలో థండర్‌బోల్ట్స్ జట్టులో చేరి సగం మంచివాడయ్యాడు. దేశాల మధ్య సంబంధాలు మారితే దుష్టత్వం కూడా సడలుతుందన్నమాట.

ఇది మనకు దూరపు విషయం కాదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని, శుద్ధి కర్మాగారం ఉన్నాయి. చుట్టుపక్కల రైతులు తమ బోరు నీళ్ల గురించి ఫిర్యాదు చేశారు. నల్లమలలో యురేనియం అన్వేషణకు వ్యతిరేకంగా చెంచులూ ఇతర ప్రజలూ ఉద్యమించగా, 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానించింది. ఈ వస్తువు మీద రేపు తెలుగులో కథలు వస్తాయి, రావాలి కూడా. అప్పుడు యువ రచయిత ముందు రెండు దారులుంటాయి. చేతులు వంకరపోయిన బిడ్డను భయంకర దృశ్యంగా చూపి పాఠకుణ్ణి ఉలిక్కిపడేలా చేయడం సులభమైన దారి. ఆ బిడ్డ తాగిన నీరు ఏ చెరువు నుంచి ఏ కాగితం మీద ఎవరి సంతకంతో వచ్చిందో పాత్రల బతుకులోంచి చూపడం కష్టమైన దారి.

ప్రతినాయకుణ్ణి సృష్టించే ప్రతి రచయితా తనను తాను అడగవలసిన ప్రశ్న ఒకటుంది. వీడికి ఈ బలం ఇచ్చినదెవరు? ఆ జవాబు కథలో లేకపోతే, మనం దుష్టుణ్ణి చూపించామనుకుంటూ అసలు దుష్టుణ్ణి దాచిపెట్టినవాళ్లమవుతాం. పురాణ కర్త శివుణ్ణయినా పరుగెత్తించాడు. ఆ మాత్రం ధైర్యం మన కథకు ఉండాలి.