వైరస్ కిటికీలోంచి రాదు

ముసురు పట్టినా, చలి ముదిరినా, జలుబు కన్నా ముందు ఫోన్‌లోకి ఓ వాయిస్ మెసేజ్ వచ్చి పడుతుంది. ఒకసారి కరోనా, ఒకసారి హెచ్3ఎన్2, ఇంకోసారి హెచ్‌ఎంపీవీ. పేరు మారుతుంది గానీ పాట మారదు. "ఈసారి వైరస్ గాలిలోనే ఉందట. కిటికీలు బిగించుకోండి. బయటి గాలి ఇంట్లోకి రానివ్వకండి." చివర్లో ఎవరో పెద్ద డాక్టరుగారు చెప్పారన్న ముక్తాయింపు. ఆ డాక్టరుగారి పేరు మాత్రం ఏనాడూ వినపడదు.

మాస్కు పెట్టుకోమంటే వంద సాకులు చెప్పే జనం ఈ ఒక్క సలహాను మాత్రం తు.చ. తప్పకుండా పాటిస్తారు. మా కింది ఫ్లాట్‌లో చూశాను. పిల్లాడు బడి నుంచి జలుబు తెచ్చాడు. ఆ సాయంత్రానికల్లా కిటికీలు మూసి కర్టెన్లు లాగేశారు, బాల్కనీ తలుపు సందులో తువ్వాలు కుక్కారు. మూశాక ఉక్కపోత కదా, ఏసీ వేశారు. ఏసీ ఉన్నది ఒక్క గదిలోనే కాబట్టి తల్లీ తండ్రీ నాయనమ్మా పిల్లాడూ రాత్రికి అక్కడే పడక. పైగా సాంబ్రాణి పొగ. "పిన్నిగారూ, కాస్త కిటికీ తీద్దామండీ" అన్నాను. "అమ్మో, బయటంతా వైరస్ బాబూ!" అన్నారావిడ, పిల్లాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని. వాడు తుమ్ముతూనే ఉన్నాడు. వారం తిరక్కుండా నలుగురూ మంచమెక్కారు. అసలే ఉబ్బసం ఉన్న పిన్నిగారు నెబ్యులైజర్ దాకా వెళ్లారు.

బయట వీధిలో వైరస్ మేఘంలా తిరుగుతూ ఎవరి కిటికీ తెరిచుందా అని చూడదు. అది ఆ పిల్లాడి ఊపిరిలో ఉంది. మాట్లాడినా, ఏడ్చినా, దగ్గినా బయటికొస్తుంది. పెద్ద తుంపరలు మీటరు దూరంలోనో రెండు మీటర్ల దూరంలోనో రాలిపోతాయి. సన్నవి మాత్రం అగరొత్తి పొగలా గదంతా పరుచుకుని చాలాసేపు తేలుతుంటాయి. కిటికీ తీస్తే పలచబడి పోతాయి, మూస్తే గంటగంటకూ పేరుకుంటాయి. అందులో ఎనిమిది గంటలు నిద్రపోయినవాళ్లు ఎంత పీల్చి ఉంటారో వేరే లెక్క కట్టక్కర్లేదు.

జనాన్ని మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. కరోనా గాలి ద్వారా వ్యాపించదని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2020 మార్చి 28న ఘంటాపథంగా ట్వీటు చేసింది. మూసిన గదుల్లో గాలి ద్వారానూ వస్తుందని స్పష్టంగా ఒప్పుకునేసరికి 2021 వచ్చింది. ఈలోగా మనం సంచిలోని కూరగాయల్ని సర్ఫునీళ్లతో కడుగుతూ కూర్చున్నాం. తీరా 'గాలి' అన్న మాట చెవిన పడ్డాక, అది పక్కవాడు వదిలిన గాలి అని విడమరిచి చెప్పినవాళ్లు తక్కువ.

ఏసీ గురించి ఇంకో మాట. మన ఇళ్లలోని స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే లాగి, చల్లబరిచి, మళ్లీ మన ముఖానే కొడుతుంది. 2020 జనవరిలో చైనాలోని గ్వాంగ్‌ఝౌలో ఓ రెస్టారెంటులో ఇదే జరిగింది. పక్కపక్క బల్లల దగ్గర కూర్చున్న మూడు కుటుంబాల్లో 10 మందికి కరోనా సోకింది. ఆ మూడు బల్లల మీదుగా ఒకే ఏసీ గాలి సుడి తిరిగింది, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఆగి ఉన్నాయి. అటూ ఇటూ తిరుగుతూ వడ్డించిన సిబ్బందిలో ఒక్కరికీ రాలేదు.

ఈ కిటికీల పుకారుకి తోడైన మాట ఇంకొకటి ఉంది: "ఇంట్లో ఒకరికొస్తే అందరికీ రావలసిందే, తప్పించుకోలేం." ఇది వేదాంతంలా వినిపించే బద్ధకం. ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల్లో 84,965 మంది కరోనా రోగులనూ వాళ్లకు దగ్గరగా మెలిగిన 5,75,071 మందినీ గమనించిన అధ్యయనం 2020లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. ఇంట్లోవాళ్లకు సోకినది దాదాపు 9 శాతం. అదే ఒకే వాహనంలో ఆరు గంటలకు పైగా దగ్గరగా కూర్చుని ప్రయాణించినవాళ్లలో 79 శాతం. ప్రయాణికుల లెక్క చిన్నదే, 78 మంది. అయినా ఆ తేడా చూడండి. ఒమిక్రాన్ వచ్చాక ఇళ్లలో సోకడం 40 శాతం దాటిన మాట నిజం. అప్పుడు కూడా సగానికి పైగా తప్పించుకున్నట్టే కదా! తొలి ఏడాది వివిధ దేశాల అధ్యయనాలన్నీ కలిపి చూస్తే భార్యాభర్తల మధ్య 38 శాతం, ఇంట్లో మిగతావారికి 18 శాతం దగ్గర తేలింది. అంటే ఇల్లు ఒకటే అయినంత మాత్రాన కాదు, ఎవరితో ఎంతసేపు ఏ గదిలో ఉన్నామన్నదే తేలుస్తుంది.

"మరి చల్లగాలి తగిలితే పడిశం పట్టదా?" అని పెద్దవాళ్లు నిలదీస్తారు. ఇక్కడ మాత్రం వాళ్లకు కొంత మార్కులు వేయక తప్పదు. ఇంగ్లండులోని సాలిస్‌బరీలో 1946 నుంచి నాలుగు దశాబ్దాలకు పైగా జలుబు మీదే పరిశోధించిన కేంద్రం ఒకటుండేది. వేడినీళ్ల స్నానం చేయించి, తడి ఒంటితో చలిగాలి వీచే వసారాలో వలంటీర్లను నిలబెట్టి చూశారు. జలుబు ఎక్కువేమీ రాలేదు. కానీ 2005లో కార్డిఫ్‌లో 90 మంది చేత 20 నిమిషాలు చల్లటి నీళ్లలో కాళ్లు పెట్టిస్తే, తర్వాతి రోజుల్లో 13 మంది జలుబు లక్షణాలున్నాయన్నారు. నీళ్లలో పెట్టని 90 మందిలో అలా అన్నది 5 మంది. మామూలు జలుబు తెచ్చే రైనోవైరస్ ఒంటి వేడిలో కన్నా చల్లబడిన ముక్కులో వేగంగా పెరుగుతుందని 2015లో యేల్ పరిశోధకులు ఎలుకల కణాల్లో చూపించారు. కాబట్టి చలి వైరస్‌ని పుట్టించదు గానీ, అప్పటికే లోపల చేరినదానికి ఊతమిస్తుందేమో. సరే, శాలువా కప్పండి, మంకీ క్యాప్ పెట్టండి, కాళ్లకు సాక్సులు తొడగండి. కిటికీ మాత్రం తీసి ఉంచండి.

మిగతావాటికి ఇంత చోటు దండగ. గది మూలల్లో పెట్టిన ఉల్లిపాయ ముక్కలు వైరస్‌ని పీల్చుకోవు, కుళ్లిపోతాయంతే. కర్పూరం, వాము మూట వాసన చూస్తే ఆక్సిజన్ పెరగదు. ఆ కర్పూరం పసిపిల్లల నోట్లోకి పోతే ఫిట్స్ రావచ్చు. సాంబ్రాణి పొగ వైరస్‌ని చంపదు, ఉబ్బసం ఉన్నవాళ్లను మాత్రం చంపుకు తింటుంది. ఆవిరి ముక్కుదిబ్బడకు హాయిగా ఉంటే ఉండొచ్చు, మరిగే గిన్నె దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టడం ఒళ్లు కాల్చుకోవడానికే. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే అజిత్రోమైసిన్ వైరస్‌ని ఏమీ చేయలేదు, 2023 మార్చిలో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ మొత్తుకున్నదీ ఇదే. జ్వరం తగ్గింది కాబట్టి ఇక అంటదనుకోవద్దు. ఫ్లూ లక్షణాలు కనపడక ముందు రోజు నుంచే అంటుకుంటుంది, తర్వాత ఐదారు రోజులు, పిల్లల్లో ఇంకా ఎక్కువ రోజులు అంటుతూనే ఉంటుంది.

దోమలొస్తాయనేది కిటికీ మూయడానికి చెప్పే కారణాల్లో ఒక్కటే సబబైనది. దానికి మందు మెష్. ఎదురెదురు కిటికీలు తీస్తే గాలి ఆడుతుంది. ఒకటే కిటికీ ఉంటే టేబుల్ ఫ్యాన్‌ని దాని దగ్గర బయటి వైపు తిప్పి పెట్టండి, లోపలి గాలిని నెడుతుంది. వంటింట్లో, బాత్రూంలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపకండి. జబ్బుపడ్డ మనిషికి వేరే గది ఇవ్వగలిగితే సరే, లేదంటే మంచం కిటికీ పక్కకు జరపండి. ఒకటే గది ఉన్న ఇంట్లో వరసగా పడుకోవాల్సి వస్తే, రోగి తల ఒకవైపు, మిగతావాళ్ల తలలు మరోవైపు ఉంచండి. భోజనం విడిగా పెట్టండి, మాస్కులు లేకుండా ఎదురెదురుగా కూర్చునేది అప్పుడే. రోగి, రోగికి చేసేవాళ్లు ఇద్దరూ మాస్కు వేసుకోవాలి, అదీ ముక్కు కప్పేలా. నాయనమ్మ పక్కలో పడుకునే అలవాటున్న పిల్లలకు వారం పాటు పక్క మార్చండి. ఏడుస్తారు, ఏడవనివ్వండి.

పసిపిల్లల ఊపిరి పూర్తిగా ఒక నిమిషం గడియారం పెట్టుకుని లెక్కించండి. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40 లేదా అంతకు మించినా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా కషాయాలు కాస్తూ కూర్చోకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు ఆటో తెరలు కూడా దించకండి.