కదిలితేనే కుదురు

ప్రోగ్రెస్ రిపోర్టులో మార్కులు తగ్గితే మన ఇళ్లల్లో మొదటి వేటు పడేది ఆటపాటల మీదే. ఈత మాన్పిస్తారు, లేదంటే కూచిపూడి. "ముందు మ్యాథ్స్ సంగతి చూడు, డ్యాన్స్ తర్వాత" అన్న మాట డాలస్‌లోనూ వింటాం, ఎడిసన్‌లోనూ వింటాం. ఎక్కడో ఒకచోట టైము మిగుల్చుకోక తప్పదు, నిజమే. కాని ఆ బిడ్డకు ఏడీహెచ్‌డీ (దృష్టి నిలవకపోవడం, అతిగా కదలడం, తొందరపాటు) ఉంటే మాత్రం చదువుకు ఆసరాగా ఉన్నవాటిలో ఒకదాన్ని మన చేతులతో మనమే తీసేస్తున్నట్టు. దీనికి పూర్తిగా ఎదురు దిక్కున ఇంకో తప్పుంది. "మందులెందుకండీ, రోజూ యోగా చేయిస్తే అదే తగ్గిపోతుంది" అంటారు. వీకెండ్ పార్టీల్లో ఈ సలహా ఇచ్చేవాళ్లకు కొదవ లేదు. ఒంటికి పని చెప్పి మనసుకు కుదురు తెచ్చే పద్ధతులు ఈ రెండు మాటలకూ అందని చోట ఉన్నాయి.

ఏడీహెచ్‌డీ అమెరికా వాళ్లు నిన్నమొన్న కనిపెట్టిన జబ్బేమీ కాదు. ఇలాంటి పిల్లల గురించి జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు లండన్‌లో 1902లోనే ఉపన్యాసాలిచ్చాడు. ఇవాళ అమెరికాలో డాక్టర్లు తరచు లక్షణాలు అడిగే వాండర్‌బిల్ట్ ఫారాలు ఇస్తారు. ఒకటి తల్లిదండ్రులు నింపాలి, ఒకటి టీచరు నింపాలి. లక్షణాలు ఒక్క ఇంట్లోనో ఒక్క బడిలోనో కనిపిస్తే చాలదు. కనీసం రెండు చోట్ల ఉండాలి, ఆరు నెలలైనా సాగి ఉండాలి, పన్నెండేళ్లలోపే మొదలై ఉండాలి. గంతులు వేసే పిల్లాడు ఎవరి కంటనైనా పడతాడు. కిటికీ వైపు చూస్తూ నోరు మెదపకుండా కూర్చునే అమ్మాయి ఎవరికీ కనిపించదు. ఆమె నిర్ధారణ ఏళ్ల తరబడి ఆలస్యమవుతుంది.

ఈ ఫారం సంగతి చెబుదామని ఇండియాకు ఫోన్ చేస్తే అటు నుంచి నానమ్మ, "వాడికేమైందిరా, చిన్నప్పుడు నువ్వూ ఇంతే కదా!" అంటుంది. మనవడికి ఏమీ లేదని చెప్పడానికే ఆవిడ ఆ మాట అంటుంది. డాక్టరుకు మాత్రం అది పనికొచ్చే సమాచారం. కవలల మీద జరిగిన అధ్యయనాలు ఏడీహెచ్‌డీ విషయంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో 70 నుంచి 80 శాతం దాకా జన్యువుల పాలే అంటున్నాయి. కొడుకు ఫారం నింపుతూ తన గురించే రాస్తున్నట్టు అనిపించిన తండ్రులు మనలో తక్కువేం లేరు.

కదలికకూ ఈ పరిస్థితికీ సంబంధమేమిటో కొంత మెదడు స్కాన్లలో దొరికింది. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2007లో ఒక విషయం చూపించారు. మెదడు పైపొర మందం మామూలు పిల్లల్లో సుమారు ఏడున్నరేళ్లకు గరిష్ఠ స్థాయికి చేరితే, ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లలో అదే దశ పదిన్నరేళ్లకు వస్తోంది. ఆలస్యం ఎక్కువగా ఉన్నది ముందుభాగంలో. దృష్టి నిలపడం, తొందరపాటును ఆపుకోవడం, ముందుచూపుతో పని చక్కబెట్టుకోవడం చూసుకునే భాగం అదే. అయితే కాళ్లూ చేతులూ ఆడించే భాగం మాత్రం వీళ్లలో కొంచెం ముందుగానే పక్వానికొచ్చింది. నడిపించేది ముందే సిద్ధమైంది, ఆపేది ఇంకా రాలేదు. అలాంటి బిడ్డను "కదలకుండా కూర్చో" అని గంటసేపు కుర్చీకి అతికించాలని చూస్తాం.

కదలకుండా కూర్చోబెడితే లాభమైనా ఉందా? సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ రాపోర్ట్ బృందం ఎనిమిది నుంచి పన్నెండేళ్ల అబ్బాయిలకు జ్ఞాపకానికి సంబంధించిన పనులు ఇచ్చి, వాళ్ల కదలికల్ని వీడియో తీసి చూసింది. 2015లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, ఏడీహెచ్‌డీ ఉన్న అబ్బాయిలు ఎక్కువగా కదిలినప్పుడు పని బాగా చేశారు. ఆ సమస్య లేనివాళ్లు మాత్రం ఎక్కువగా కదిలినప్పుడు వెనకబడ్డారు. అంటే ఒకే తరగతిలో ఒకరికి అడ్డయ్యేది ఇంకొకరికి ఆధారం. మేడ మీద అటూ ఇటూ తిరుగుతూ సోషల్ వల్లెవేసిన తరం మనది, ఊగుతూ ఎక్కాలు అప్పజెప్పిన తరం. ఆ పద్ధతిని అమెరికా వచ్చాక డెస్కు ముందు వదిలేశాం.

కదలికే కాదు, చెమట పట్టే వ్యాయామం గురించీ మంచి ఆధారాలున్నాయి. 2013లో మ్యాథ్యూ పాంటిఫెక్స్, చార్ల్స్ హిల్‌మన్ ప్రచురించిన ప్రయోగంలో ఏడీహెచ్‌డీ ఉన్న 20 మంది పిల్లలు, లేని 20 మంది పిల్లలు పాల్గొన్నారు. ఒకరోజు 20 నిమిషాలు ట్రెడ్‌మిల్ మీద నడిచారు, ఇంకోరోజు అంతే సేపు కూర్చుని చదువుకున్నారు. నడిచిన రోజున రెండు గుంపుల్లోనూ తప్పులు తగ్గాయి, చదివింది అర్థం చేసుకోవడంలోనూ లెక్కల్లోనూ ఫలితం మెరుగైంది. ప్రయోగం చిన్నదే కాని ఆ తర్వాత వచ్చిన చాలా ప్రయోగాలు ఇదే దారిలో నడిచాయి. ఏడీహెచ్‌డీ మందులు మెదడులో డోపమైన్, నార్ఎపినెఫ్రిన్ అందుబాటును పెంచుతాయి. వ్యాయామం కూడా ఆ రసాయనాలనే కదిలిస్తుందని అంటారు. మేలు కొద్దిసేపే నిలుస్తుంది గనక టైమింగ్ ముఖ్యం. హోంవర్క్ అయ్యాక బహుమానంగా ఇచ్చే ఆట కంటే, హోంవర్క్‌కు ముందు ఆడే అరగంట ఆట ఎక్కువ పని చేస్తుంది.

ఇంతవరకూ చదివి "అయితే మాత్రలు ఆపేద్దాం" అనుకునేవాళ్లు సిమోన్ బైల్స్‌ను గుర్తు చేసుకోవాలి. టెక్సస్‌లో పెరిగిన ఆ జిమ్నాస్ట్ 2016 రియో ఒలింపిక్స్‌లో నాలుగు స్వర్ణాలు గెలిచింది. కొన్ని వారాలకే హ్యాకర్లు ఆమె వైద్య వివరాలు బయటపెడితే, తనకు ఏడీహెచ్‌డీ ఉందనీ చిన్నప్పటి నుంచి మందు వాడుతున్నాననీ, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదనీ బాహాటంగా చెప్పింది. ఆమె చేసినంత వ్యాయామం మన పిల్లలెవరూ చేయరు. అయినా ఆమెకు మందు అవసరమైంది. ఏడీహెచ్‌డీ చికిత్సలను పోల్చి చూసిన, 1999లో ఫలితాలు వెలువడిన ఎంటీఏ అధ్యయనంలో 579 మంది పిల్లలను పద్నాలుగు నెలలు గమనించారు. అసలు లక్షణాలు తగ్గించడంలో, జాగ్రత్తగా సరిచూస్తూ ఇచ్చిన మందు ప్రవర్తనా శిక్షణ ఒక్కదానికంటే బాగా పనిచేసింది. యోగా విషయానికొస్తే, బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు ఆసుపత్రిలో ఉన్న తొమ్మిది మంది పిల్లలతో చేసిన ఒక ప్రయత్నాన్ని 2013లో ప్రచురించారు. అందులోనూ యోగా మామూలు చికిత్సకు తోడుగానే ఉంది, బదులుగా కాదు. మన ప్రాచీన విద్యకు ఇది తక్కువేమీ కాదు.

ఇక ఆక్యుపేషనల్ థెరపీ, అంటే రోజువారీ పనులు చేసుకోవడానికి సాయపడే చికిత్స. ఇంద్రియాల నుంచి వచ్చే సమాచారాన్ని మెదడు కూడగట్టుకోలేకపోవడం గురించి కాలిఫోర్నియాలో జీన్ ఎయర్స్ అనే థెరపిస్టు ఒక సిద్ధాంతం కట్టింది. 1972లో పుస్తకం రాసింది. ఇవాళ క్లినిక్కుల్లో కనిపించే ఊయలలు, బరువు జాకెట్లు ఎక్కువగా ఆ దారిలో వచ్చినవే. ఇందులో కొంత మనకు కొత్త కాదు. కండరాలకు, కీళ్లకు ఒత్తిడి తగిలే పనుల్ని థెరపిస్టులు 'హెవీ వర్క్' అంటారు. గోడను నెట్టడం, బరువులు మోయడం, గోడకు వీపు ఆనించి కుర్చీలో కూర్చున్నట్టు నిలబడటం. చివరిదాని పేరు మనందరికీ తెలుసు. మన బళ్లలో దాన్ని గోడకుర్చీ అని శిక్షగా వేసేవారు. గుంజీలు కూడా 'సూపర్ బ్రెయిన్ యోగా' అనే పేరుతో ఇక్కడ పుస్తకమై, వర్క్‌షాపై తిరిగొచ్చాయి. వాటికి జరిగిన ప్రచారానికి తగిన రుజువు మాత్రం లేదు.

ఖర్చు సంగతి కూడా చెప్పుకోవాలి. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2012లోనే ఈ ఇంద్రియ థెరపీల గురించి జాగ్రత్త చెప్పింది. ఆధారాలు పరిమితం, ఆ మాట తల్లిదండ్రులకు చెప్పాలి, ఫలితం వస్తోందో లేదో కొలుస్తూ ఉండాలి అంది. కాబట్టి ఏడాది ప్యాకేజీ కట్టించుకునే చోట మొదట ఒక్క ప్రశ్న అడగండి: "మూడు నెలల్లో ఇంట్లో ఏ ఒక్క పని తేలికవుతుంది?" పొద్దున్నే బూట్లు వేసుకోవడమా, అన్నం దగ్గర పది నిమిషాలు కూర్చోవడమా, షవర్‌కు పోట్లాడకుండా వెళ్లడమా? సూటిగా జవాబు చెప్పే థెరపిస్టులున్నారు, వాళ్ల దగ్గరికి వెళ్లండి. చేతి పని, రాత, బట్టలు వేసుకోవడం లాంటి రోజువారీ పనుల్లో ఆక్యుపేషనల్ థెరపీ ఎంతో మేలు చేయగలదు.

ఏ ఆట అనే విషయంలో నాకో అభిప్రాయముంది. మనవాళ్లకు క్రికెట్ మీద ప్రాణం. కాని బౌండరీ దగ్గర ముప్పావు గంట బంతి రాకుండా నిలబడటం ఈ పిల్లలకు శిక్షే. ఈత, కరాటే, బాస్కెట్‌బాల్ నయం. తొమ్మిదేళ్లకే ఏడీహెచ్‌డీ నిర్ధారణ అయిన ఒలింపిక్ విజేత మైకేల్ ఫెల్ప్స్ ఈతకొలనులో తన చోటు వెతుక్కున్నాడు. కూచిపూడి ఇంకా మంచిదని నాకనిపిస్తుంది. ఒకే జతిని మూడు కాలాల్లో చేయాలి, చెవి నట్టువాంగం మీద, పాదం తాళం మీద, కళ్లు చేతి వెంట ఉండాలి. తరంగంలో పళ్లెం అంచున నిలబడ్డ అమ్మాయికి వేరే ఆలోచన వచ్చే సందు ఉండదు. అయితే టీచర్‌కు ముందే విషయం చెప్పాలి. వరుసలో వంతు కోసం ఇరవై నిమిషాలు నిలబడాల్సిన క్లాసైతే గొడవలే మిగులుతాయి. ఏడీహెచ్‌డీకి స్టిమ్యులెంట్ మందు వాడుతున్న బిడ్డను గట్టి వ్యాయామంలో చేర్చే ముందు, ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బులు, చిన్న వయసులో ఆకస్మిక మరణాలు ఉన్నాయేమో డాక్టరుకు తప్పక చెప్పాలి. మన కుటుంబాల్లో ఇలాంటి సంగతులు దాచే అలవాటు ఎక్కువ.

బడి విషయంలో మొహమాటపడొద్దు. 1973 నాటి పునరావాస చట్టం సెక్షన్ 504 కింద, నిర్ధారణ అయిన పిల్లలకు తగిన సదుపాయాలు అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది. నోటిమాటగా కాదు, ఈమెయిల్‌లో అడగండి. పాఠం మధ్యలో లేచి నడవడానికి అనుమతి, నిలబడి రాసుకునే చోటు, ఆఫీసుకు పుస్తకాలు మోసుకెళ్లే చిన్న బాధ్యత, ఇవన్నీ బడి రాసే 504 ప్లాన్‌లో పెట్టించవచ్చు. పని పూర్తి చేయలేదని రీసెస్ తీసేసే టీచర్లు ఇప్పటికీ ఉన్నారు. రీసెస్‌ను శిక్షగా గాని, చదువు పేరుతో గాని ఆపకూడదని పీడియాట్రిక్స్ అకాడమీ 2013లో స్పష్టంగా ప్రకటించింది. ఆ ప్రకటన ప్రింటు తీసుకుని మీటింగుకు వెళ్లండి. రీసెస్ ఆపరాదన్న వాక్యం ప్లాన్‌లో రాయించి, సంతకం పెట్టేముందు ఒకసారి చదువుకోండి.