పన్నెండు తీగెలు – పన్నెండు బిరడలు

పుస్తకాల సంచి ఒక భుజమున, గిటారు మరొక భుజమున వేసికొని మెట్రో ఎక్కు విద్యార్థులు దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతములకు కొత్త కాదు. వారిలో పన్నెండు తీగెల గిటారును కోరువారికి ఒక ప్రశ్న తప్పదు: శ్రుతి నిలుపు మరలు ఎట్టివి కావలెను?

మన వీణకు ఏడు తీగెలు. బొబ్బిలిలో పనసకొయ్యతో తీర్చు సంప్రదాయ వీణకు సైతము వాటిని పట్టియుంచునవి కొయ్య బిరడలే. వాటి బలమంతయు రాపిడిలోనే ఉన్నది. గిటారు బిరడకు పళ్లచక్రము తోడు. నిష్పత్తి 18కి 1 అయినచో, గుండీని 18 చుట్లు త్రిప్పినగాని తీగె చుట్టుకొను ఇరుసు ఒక చుట్టు తిరుగదు. 14కి 1 కన్న ఇది సున్నితము.

ఈ వాద్యమున తీగెలు ఆరు జతలు. సాధారణముగా సన్నని రెండు జతలు సమశ్రుతిలో పలుకును; తక్కిన నాలుగు జతలలో ఒక్కొక్క తీగె పై స్థాయిలో పలుకును. జతలో ఒకటి రవ్వంత జారినను చెవికి తెలియును. కనుక సున్నితముగా తిరుగు మరయే మేలు.

అయితే పన్నెండు మరల బరువుకు వాద్యపు తల క్రిందికి వాలును. మూత గలవి ధూళిని ఆపును గాని బరువు హెచ్చు. మూత లేనివి తేలిక, తుడిచి నూనె వేయుచుండవలెను. గుండీలు చిన్నవి కాకున్న వ్రేళ్లకు చోటుండదు. పాత రంధ్రముల నడిమి దూరము కొలిచిన పిమ్మటనే కొనవలెను.

శ్రుతి తప్పినపుడెల్ల తప్పు మరదే కాదు. మెడకు, తలకు నడుమనున్న గట్టు గాడిలో తీగె ఇరుకుకొన్నను, ఇరుసుపై చుట్లు వదులైనను అదే బాధ. ముందు వాటిని పరీక్షించిన విద్యార్థికి ధనము మిగులును. మరలు ఎప్పుడైనను మార్చవచ్చును. తప్పు శ్రుతికి అలవాటుపడిన చెవిని మార్చుట అంత సులభము కాదు.